పొడుగు కిలోమీటరు

పదకొండు నిమిషాలు ఎక్కడ పోయాయో డ్రైవరుకు తెలియలేదు.

ఆసుపత్రి సూపరింటెండెంటు లెక్క కాగితం మీద వేసి చూపించారు. రోగిని ఎక్కించుకున్న ఊరి చివర రోడ్ల శాఖ వాళ్లు పాతిన పచ్చ బోర్డు ఉంది. పెద్దాసుపత్రికి పద్దెనిమిది కిలోమీటర్లు అని దాని మీద ఉంది. అంబులెన్సుకు కిలోమీటరుకు ఒక నిమిషం, మలుపులకూ మందలకూ కలిపి పైన ఐదు నిమిషాలు. ఇది ఆసుపత్రి పెట్టుకున్న కట్టుబాటు. మొత్తం ఇరవైమూడు. బండి కదలగానే ఆ ఊరి కిరాణా కొట్టతను ఫోను చేసి చెప్పిన వేళ ఒక పుస్తకంలో ఉంది. బండి గేటు దాటిన వేళ వాచ్‌మన్ పుస్తకంలో ఉంది. రెంటికీ మధ్య ముప్పైనాలుగు నిమిషాలు. అందులో ఇరవైమూడు పోగా మిగిలిన పదకొండు చుట్టూ ఆయన పెన్సిలుతో గుండ్రంగా గీత గీశారు.

"ఈ పదకొండు నిమిషాలూ నువ్వెక్కడున్నావో చెప్పు. ఇంకేం అడగను" అన్నారు.

డ్రైవరు ఆ గీత లోపలికి చూశాడు. బావిలో పడ్డ చెంబును వెతుక్కునేవాడిలా చూశాడు.

"బండిలోనే ఉన్నానండి" అన్నాడు.

బండి మీటరు చూద్దామంటే దాని ముల్లు నాలుగు నెలలుగా ఒకేచోట పడి నిద్రపోతోంది. బాగు చేయించమని అతను మూడుసార్లు రాసిచ్చాడు. ఆ మాట ఇప్పుడు చెబితే సాకులా ఉంటుందని చెప్పలేదు.

రోగి ఒక దర్జీ. అరవై దాటినవాడు. మధ్యాహ్నం మిషను ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. ప్రాణం దక్కింది గానీ కుడిచెయ్యి పడిపోయింది, నోరు ఒక పక్కకు వచ్చింది. పది నిమిషాలు ముందు తెచ్చి ఉంటే చెయ్యి దక్కేదేమో అని నరాల డాక్టరు వార్డులో అన్నాడు. దర్జీ కొడుకు అర్జీ పెట్టినప్పుడు అందులో 'ఏమో' లేదు. దక్కేది అని ఉంది. దారిలో ఒకచోట బండి ఆగినట్టు అనిపించిందని కూడా ఉంది. వెనక సెలైను సీసా పట్టుకుని కూర్చున్న నర్సును అడిగితే, తన కళ్లు సీసా మీదే ఉన్నాయి, బయట ఏం జరిగిందో తెలీదంది.

సూపరింటెండెంటు చెడ్డమనిషి కాదు. అలసట వల్ల దారిలో కొంతసేపు ఆగానని శుక్రవారం లోపల రాసిస్తే, ఉద్యోగం తియ్యకుండా షెడ్డులో బళ్లు కడిగే పనికి మారుస్తానన్నారు. రాసివ్వకపోతే పైకి పంపక తప్పదు. పైవాళ్ల దగ్గరికి వెళ్లిన కాగితం మళ్లీ మంచిమాటతో తిరిగి రాదని ఆయనా చెప్పారు, పక్కనున్న గుమాస్తా కూడా తలూపాడు.

షెడ్డులో డ్రైవర్లు అతన్ని నిదానం అని పిలుస్తారు. అన్నం తినేటప్పుడు అందరూ చేతులు కడుక్కున్నాక కూడా అతని ముందు సగం గిన్నె ఉంటుంది. బండి ఎక్కే ముందు నాలుగు టైర్లూ కాలితో తట్టి చూస్తాడు. అద్దం తుడుస్తాడు. స్టీరింగు ముందు మాత్రం నిదానం కాడు, అది పక్కన కూర్చున్నవాళ్లకే తెలుసు. కానీ పేరంటూ పడ్డాక అది మనిషి కంటే ముందు నడుస్తుంది. నిదానం పదకొండు నిమిషాలు ఆలస్యం చేశాడంటే షెడ్డులో ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఒకడు మాత్రం భుజం తట్టి, పదకొండేనా అన్నాడు.

ఇంటికి వచ్చి చెప్పులు విప్పి గుమ్మం పక్కన సరిగ్గా పెట్టాడు. భార్య ఆసుపత్రి చాకిరేవు గదిలో పని చేస్తుంది. దుప్పట్లు ఉడికించే తొట్ల దగ్గర అతనికంటే ముందే ఆమెకు సంగతంతా తెలిసిపోయింది. ఏమీ అడగకుండా కంచం పెట్టింది. అత్త మాత్రం మూలన కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తూ, మా అల్లుడు పెళ్లినాడే గంట ఆలస్యంగా వచ్చాడు, ఆయనకేం కొత్త అంది. ఎప్పుడూ అనే మాటే. ఎప్పుడూ అందరూ నవ్వే మాటే. ఆ పూట ఎవరూ నవ్వకపోయేసరికి ఆవిడే తల వంచుకుని కాయలు లెక్కపెడుతున్నట్టు నటించింది.

మంగళవారమంతా అతను వరండాలో కూర్చుని ఆ దారిలో మళ్లీ మళ్లీ వెళ్లివచ్చాడు. ఆ రోడ్డుకు అతన్ని మార్చి నెల కాలేదు; అర్జీ వచ్చేదాకా ఆ దారిలో ఏ బండి వేళనూ ఎవరూ లెక్క కట్టలేదు. అంతకుముందు పట్నం లోపలే తిరిగేవాడు. ఊరి బోర్డు దాటాడు. చెరకు తోటలు దాటాడు. తర్వాత కొండ ఒక పక్క, జలాశయం ఒక పక్క. మలుపు మీద మలుపు. ఒక మలుపులో గొర్రెలు అడ్డం వచ్చాయి. హారన్ కొట్టాడు. కాపరి కర్ర అడ్డం పెట్టి మందను కొండ వైపుకి నెట్టాడు. ఎంతసేపు? అర నిమిషం. మహా అయితే నిమిషం. మిగతా పది?

ఆ పది కోసం వెతికే కొద్దీ అవి ఎక్కడపడితే అక్కడ కనిపించసాగాయి. నీళ్ల మీద ఎండ మెరుస్తున్న జ్ఞాపకం ఉంది. అంత బాగా జ్ఞాపకం ఉందంటే ఆగి చూశాడా? ఒక మలుపు తర్వాత వచ్చిన మలుపు జ్ఞాపకం లేదు. అంటే కునుకు పట్టిందా? కునుకు పడితే బండి నీళ్లలో ఉండాలి కదా అని ఒక బుద్ధి చెబుతుంది. అంకెలు అబద్ధమాడవు కదా అని ఇంకో బుద్ధి చెబుతుంది. సాయంత్రానికి కాగితం తీసి, అలసట వల్ల, అని రాసి అక్కడ ఆగాడు.

దర్జీ చెయ్యి కళ్ల ముందు నుంచి పోలేదు. స్ట్రెచరు దించేటప్పుడు ఆ చెయ్యి పక్కకు జారిపోయింది, అతనే ఎత్తి గుండెల మీద పెట్టాడు. చూపుడువేలికి, సూది గుచ్చుకోకుండా తొడుక్కునే ఇత్తడి అంగుస్తానా ఇంకా ఉంది.

"రాసేస్తే మీకు ఉద్యోగం ఉంటుంది" అన్నట్టు చూసింది భార్య. అనలేదు. అన్నదల్లా ఒకటే. "మీరు ఆగారా?"

"తెలీదు."

"తెలీనిదాని మీద సంతకం పెడతారా?"

అందుకని బుధవారం పొద్దున సైకిలు బస్సు మీదకెక్కించి ఆ ఊరికి పోయాడు. బస్సుకు గంటకు పైగా పట్టింది. పద్దెనిమిది కిలోమీటర్లకు గంటేమిటని ఎవరూ అనలేదు; ఆ బస్సు పేరే నత్త. బోర్డు దగ్గర దిగాడు. కొత్త బోర్డు, రెండు ఇనపకాళ్ల మీద మనిషికి రెండింతల ఎత్తున ఉంది. అక్షరాలు తెల్లగా, ఎండలో కళ్లలో పొడుస్తున్నాయి. దాని కింద గడ్డిలో ముప్పైఆరు అంకె ఉన్న కిలోమీటరు రాయి. ఆసుపత్రి గేటు పక్కన ఉన్న రాయి యాభైనాలుగు. అది అతనికి తెలుసు. వాచీ చూసుకుని సైకిలెక్కాడు. ఎక్కడ ఆగి ఉంటాడో ఆ చోటు కనిపిస్తే తనకు తెలిసిపోతుందని అతని నమ్మకం.

ముప్పైఏడు ఐదు నిమిషాలకు వచ్చింది. ముప్పైఎనిమిది మళ్లీ ఐదుకు. నలభై దగ్గర ఎదురుగాలి, ఆరు పట్టింది. నలభైఒకటి జలాశయం మొదట్లో ఉంది. అది దాటి ఐదు నిమిషాలు తొక్కాడు. రాయి రాలేదు. పది తొక్కాడు. రాయి నీళ్లలోకి దొర్లిపోయి ఉంటుందనుకున్నాడు. ఇరవై అయ్యింది. ఇన్ని రాళ్లు ఒక్కసారే దొర్లిపోతాయా? గొర్రెలు అడ్డం వచ్చిన మలుపు గుర్తుపట్టి దిగి చూశాడు. ఎండిన పెంటికలు తప్ప అక్కడ ఏమీ లేదు. ఆగిన జ్ఞాపకం కూడా రాలేదు. మళ్లీ ఎక్కాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. గంట దాటాక, కొండ తెగి రోడ్డు నిటారుగా సాగే చోట, ఒక రాయి తెల్లగా కనిపించింది. దాని ముందు ఒక ముసలాయన గొంతుక్కూర్చుని సున్నం వేస్తున్నాడు.

సైకిలు దిగి అంకె చూశాడు. నలభైరెండు.

"పెద్దాయనా, మధ్యలో రాళ్లన్నీ ఏమయ్యాయి?"

"ఏ రాళ్లు?"

"నలభైఒకటి తర్వాత ఒక్కటీ లేదే."

"నలభైఒకటి తర్వాత నలభైరెండు" అన్నాడు ముసలాయన, కుంచెతో రాయిని తట్టి. "ఉంది కదా."

"గంట తొక్కాను ఈ మధ్యలో."

"తొక్కుతావు. పదమూడు కిలోమీటర్లుంది మరి."

డ్రైవరు సైకిలుకు స్టాండు వెయ్యడం మర్చిపోయాడు. అది రోడ్డు మీద పడింది. ముసలాయన సున్నం డబ్బా ఒక పక్కకు జరిపి, నీళ్లు తాగమని సీసా ఇచ్చాడు. ఆయన రోడ్డు గ్యాంగులో ముప్పై ఏళ్లుగా రాళ్లకు సున్నం వేసే మనిషి. నోట్లో మాట పీచులా తీసి తీసి చెప్పాడు. జలాశయం కట్టకముందు ఈ రోడ్డు లోయలోంచి నేరుగా పోయేది. నలభైఒకటి నుంచి నలభైరెండుకు ఒక్కటే కిలోమీటరు. నీళ్లొచ్చి ఆ ముక్క మునిగింది. కొండ చుట్టూ కొత్త రోడ్డు వేస్తే ఆ ఒక్కటీ పదమూడైంది. రాళ్లన్నీ మార్చాలి. కానీ ఇటు నుంచి చివరిదాకా ఇంకా రెండువందల రాళ్లున్నాయి. వంతెనలకూ తూములకూ పక్క పొలాల పటాలకూ అన్నింటికీ ఆ రాళ్ల అంకెలే గుర్తులు. అవన్నీ ఎవరు తిరగరాస్తారు? అందుకని పెరిగిందంతా ఒక్కదాంట్లోనే కుక్కేశారు.

"ఇంట్లో పనంతా ఒక్క కోడలి నెత్తిన పడేసినట్టు" అన్నాడు. "మా గ్యాంగులో దీన్ని పొడుగు కిలోమీటరు అంటాం."

"మరి ఆ బోర్డు?"

ముసలాయన కుంచె డబ్బాలో ముంచి, అంచుకు రాసి, కారేది కార్చి, అప్పుడు చెప్పాడు. పోయినేడు వ్యానులో బోర్డుల వాళ్లు వచ్చారట. ఆ ఊరి దగ్గర రాయి చూసుకున్నారు, ఆసుపత్రి దగ్గర రాయి చూసుకున్నారు. యాభైనాలుగులో ముప్పైఆరు తీసేశారు. పద్దెనిమిది. అది కాదు బాబూ అని తను చెప్పబోతే, చిన్న ఇంజనీరు, నీ పని సున్నం, లెక్క మాది అన్నాడు.

"సరే అన్నాను."

"ఇంకెవరికీ చెప్పలేదా?"

"అడిగితే చెప్పేవాణ్ని. ఎవరడిగారు?"

డ్రైవరు తూము గోడ మీద కూర్చుండిపోయాడు. పన్నెండు ఎక్కువ. పద్దెనిమిదికి పన్నెండు కలిపితే ముప్పై. ముప్పైకి ఐదు కలిపితే ముప్పైఐదు. తను వచ్చింది ముప్పైనాలుగులో. వేళ్ల మీద మళ్లీ లెక్కపెట్టాడు, బడిపిల్లవాడిలా. పదకొండు పోయింది. పోవడమే కాదు, ఒకటి మిగిలింది. సీసాలో నీళ్లన్నీ తాగేసి, ఖాళీ సీసా ముసలాయనకు తిరిగిచ్చాడు.

జరిగింది చెప్పి, శుక్రవారం ఆసుపత్రికి వచ్చి ఈ ముక్క మా సారుకు చెప్పమని అడిగాడు. ముసలాయన వింటూనే రాయికి వెనక వైపు కూడా సున్నం వేశాడు. ఆ వైపు ఎవరూ చూడరు.

"నన్నెవరు నమ్ముతారు నాయనా. బోర్డు ఇనపది, అంతెత్తున ఉంది. నేనేమో సున్నం డబ్బా ఎత్తున ఉన్నాను" అన్నాడు. పైగా నాలుగు నెలల్లో ఉద్యోగం నుంచి దిగిపోతున్నాడట. పెద్దవాళ్ల బోర్డును తప్పు పట్టి, పోయేముందు మొట్టికాయ తినడం ఎందుకన్నాడు. డ్రైవరు ఇంక బతిమాలలేదు. ఆ మాటలో న్యాయం ఉందనిపించింది.

ఇంట్లో చెబితే భార్య దుప్పటి మడతపెడుతున్నది ఆపింది. "అంటే మీరు ఆలస్యం చెయ్యలేదు" అంది.

"చెయ్యలేదు."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, తుడుచుకున్నచోటే మళ్లీ తుడుచుకుంది. అత్త మూల నుంచి, "అయితే పెళ్లినాడు కూడా రోడ్డే పొడుగైందా అల్లుడూ?" అంది. ఈసారి నవ్వారు. మూడు రోజుల తర్వాత ఆ ఇంట్లో అదే మొదటి నవ్వు.

నవ్వు గురువారం మధ్యాహ్నం దాకా నిలిచింది. సూపరింటెండెంటును కలుద్దామంటే గుమాస్తా, ఏదున్నా రోడ్ల శాఖ కాగితం తెచ్చుకో, నోటిమాట మోసుకురాకు అన్నాడు. రోడ్ల ఆఫీసుకు పోతే అక్కడి గుమాస్తా గోడకున్న పటం దగ్గరికి తీసుకుపోయి స్కేలుతో రెండు రాళ్లూ చూపించాడు. యాభైనాలుగులో ముప్పైఆరు పోతే ఎంత అని అడిగాడు. పద్దెనిమిది అని చెప్పక తప్పలేదు. నీకూ వచ్చు కదా లెక్క అని నవ్వాడు. పొడుగు కిలోమీటరంటే పక్కబల్లవాడు కూడా తల ఎత్తి చూశాడు, వీడెవడో గంటలూ నిమిషాలూ కూడా పొడుగువి వాడేలా ఉన్నాడని.

శుక్రవారం పది గంటలకు డ్రైవరు ఖాకీ బట్టలు తొడుక్కుని ఆసుపత్రికి పోయాడు. జేబులో రెండు కాగితాలున్నాయి. ఒకదాంట్లో అలసట వల్ల ఆగానని ఉంది. రెండోదాంట్లో తనకు తెలిసింది తెలిసినట్టు రాశాడు. ఏది ఇస్తాడో గుమ్మం దాకా అతనికే తెలియదు. నిజం రాసిన కాగితం ఇస్తే పైకి పోతుంది, పైనున్నవాళ్లకు కనిపించేది బోర్డే. అబద్ధం రాసిన కాగితానికి ఇల్లు గడుస్తుంది. గదిలో దర్జీ కొడుకు అప్పటికే కుర్చీలో ఉన్నాడు. ముప్పై ఏళ్లవాడు, కళ్ల కింద నల్లగా, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నేల చూస్తున్నాడు. సూపరింటెండెంటు చెయ్యి చాపారు.

డ్రైవరు జేబులోంచి కాగితం తీశాడు. తీసింది రెండోది.

ఆయన చదివారు. చదివి బల్ల మీద పెట్టి, అద్దాలు సర్దుకుని, "ఒక కిలోమీటరు పదమూడు కిలోమీటర్లుంటుందా?" అన్నారు. కోపంగా కాదు. జ్వరంలో మాట్లాడే రోగిని అడిగినట్టు అడిగారు.

"ఉంటుందండి" అన్నారు ఎవరో గుమ్మం దగ్గర.

సున్నం ముసలాయన చెప్పులు బయట వదిలి, గడపకు అవతలే నిలబడి ఉన్నాడు. చంకలో గోనెగుడ్డలో చుట్టిన పెద్ద పుస్తకం. సున్నం మరకల చేతులు గోనెకే తుడుచుకుని, లోపలికి వచ్చి, పుస్తకం బల్ల మీద విప్పాడు. గ్యాంగు గుడిసెలో గోడకు వేలాడే రోడ్డు రిజిస్టరు. బయటికి తీసుకురాకూడదు, ఐదింటిలోగా మేకుకు తగిలించెయ్యాలి అని ముందే చెప్పాడు. వెతుక్కోకుండానే పుట తీశాడు. నలభైఒకటి, నలభైరెండు. మధ్య పొడవు పదమూడువేల మీటర్లు. కింద ఎప్పటిదో ఒక ఇంజనీరు సంతకం, ముద్ర.

సూపరింటెండెంటు వేలు పెట్టి రెండుసార్లు చదివారు. చదివి లేచారు. "చూద్దాం పదండి" అన్నారు. ఆయన కాగితాన్ని నమ్మే మనిషే గానీ, రెండు కాగితాలు కొట్టుకుంటున్నప్పుడు రోగిని చూడాలని తెలిసిన డాక్టరు.

ఆయన కారుకు మీటరు బాగానే పనిచేస్తుంది. డ్రైవరునే నడపమన్నారు. ముసలాయన రిజిస్టరు ఒళ్లో పెట్టుకుని ముందు కూర్చున్నాడు. జీవితంలో మొదటిసారి కారెక్కాడో ఏమో, కాళ్లు ఎత్తి పెట్టుకోవాలా దించుకోవాలా తేల్చుకోలేకపోయాడు. వెనక సీట్లో సూపరింటెండెంటు ముందుకు వంగి మీటరు చూస్తున్నారు. దర్జీ కొడుకు కిటికీ వైపు.

యాభైమూడు, యాభైరెండు. రాయి దాటినప్పుడల్లా మీటరులో ఒకటి కదులుతోంది. సూపరింటెండెంటు ప్రతి అంకే పైకి చదివారు. నలభైరెండు దాకా తేడా లేదు. ఆయన గొంతులో, అనుకున్నదే అన్న ధోరణి వచ్చింది. నలభైరెండు దాటింది. మీటరు ఒకటి తిరిగింది.

"రాయేదీ?"

"ఇంకా ఉందండి" అన్నాడు ముసలాయన.

రెండు. మూడు. ఎడం పక్క కొండ, కుడి పక్క నీళ్లు. డ్రైవరు వేగం పెంచలేదు, తగ్గించలేదు. ఐదు దగ్గర సూపరింటెండెంటు మళ్లీ రాయి కోసం కిటికీలోంచి తల బయటపెట్టారు.

"ఇంకా ఉందండి."

ఏడుకు ఆయన అంకెలు పైకి చదవడం మానేశారు. తొమ్మిదికి వెనక్కి వాలి అద్దాలు తీసి రుమాలుతో తుడుచుకోసాగారు. ముసలాయన మాత్రం అడగకపోయినా ప్రతి మలుపుకూ, ఇంకా ఉందండి, ఇంకా ఉందండి అంటూనే ఉన్నాడు. ముప్పై ఏళ్లుగా ఎవరూ అడగని మాట చెప్పే అవకాశం వచ్చినప్పుడు మనిషి అంత తొందరగా ఆపలేడు. పదమూడో అంకె పూర్తిగా తిరిగి నిలబడ్డప్పుడు రాయి వచ్చింది. నలభైఒకటి.

బండి ఆపమన్నారు సూపరింటెండెంటు. దిగి రాయి దగ్గరికి పోయి, దాని నెత్తి మీద చెయ్యి పెట్టి నిలబడ్డారు. చేతికి సున్నం అంటింది. "ఉద్యోగంలో చేరి ఆరేళ్లయింది. నేనెప్పుడూ ఈ దారిన రాలేదు" అన్నారు. డ్రైవరు వైపు తిరిగి, "రేపు పొద్దున డ్యూటీకి రా" అన్నారు. ఆ తర్వాత అతని భుజం మీద చెయ్యి వేశారు. ఖాకీ చొక్కా మీద ఐదు వేళ్లూ తెల్లగా పడ్డాయి.

డ్రైవరు తలూపాడు. నీళ్ల మీద ఎండ మెరుస్తోంది. ఆ రోజు కూడా ఇలాగే మెరిసింది. ఆగకుండా కూడా మనిషి చూడగలడు, చూసింది గుర్తుంచుకోగలడు. ఆ సంగతి ఇన్ని రోజులూ తట్టనందుకు అతనికి తనమీదే జాలేసింది.

దర్జీ కొడుకు కారు దిగలేదు. డ్రైవరు వెళ్లి కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఇంకో ఐదు కిలోమీటర్లే కదా, ఇంటి దగ్గర దింపుతాను అన్నాడు.

"అన్నా" అన్నాడు అతను, మొహం ఎత్తకుండా. "ఆ రోజు కబురు చెయ్యడానికే మాకు అరగంట పట్టింది. చెయ్యి తిమ్మిరెక్కిందన్నాడు నాన్న. కూర్చుని కూర్చుని పట్టేసిందిలే అన్నాను. నూనె రాశాను. మీ పదకొండు నిమిషాలు దొరికాక నాకు నిద్రపట్టింది."

డ్రైవరుకు కోపం రావాలి. వెతికితే దొరకలేదు. ఉన్న బరువు దిగిపోయినవాడికి ఎదుటివాడి నెత్తిన మూట ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది.

"ముందు ఇంటికి పోదాం" అన్నాడు.

దర్జీ ఇల్లూ కొట్టూ ఒకటే గది. ఆసుపత్రి నుంచి పంపేసి రెండు రోజులైంది. మిషను పక్కన వాలుకుర్చీలో దిండ్ల మధ్య కూర్చుని ఉన్నాడు. కుడిచెయ్యి ఒళ్లో, ఎవరో పెట్టి మర్చిపోయిన వస్తువులా ఉంది. సూపరింటెండెంటు వచ్చీ రాగానే అలవాటుగా ఆ చెయ్యి పట్టుకుని, నా వేళ్లు నొక్కు అన్నారు. నొక్కాడో లేదో కనబడలేదు. ఆయనకు తెలిసినట్టుంది. "కొంచెం ఉంది" అన్నారు. "రోజూ చేయించాలి. నెలలు పడుతుంది."

కొడుకు గోడకు ఆనుకుని నిలబడి, దారిలో కారులో అన్నదే తండ్రి ముందు మళ్లీ మొదలుపెట్టాడు. బోర్డు తప్పట నాన్నా. రోడ్డు ముప్పై కిలోమీటర్లట. ఈయన ఆలస్యం చెయ్యలేదు. ఆలస్యం నేనే, ఆ అరగంట, నేనే, అంటూ ఉంటే దర్జీ ఎడంచెయ్యి పైకెత్తాడు. మాట బయటికి రావడానికి మూతి ఒక పక్క నుంచి చాలా శ్రమపడింది.

"నువ్వు కాదురా" అన్నాడు. "ఫోను చేస్తానన్నావు. నేనే... గుండీలు కుట్టడమయ్యాక అన్నా."

కొడుకు చూశాడు.

"రెండుసార్లన్నావు. మర్చిపోయావా?"

కొడుకు మర్చిపోయాడో, ఆ మాటకు విలువ లేదనుకున్నాడో తెలియదు. గోడ వెంట కిందికి జారి కూర్చుని, మోకాళ్ల మధ్య తల పెట్టుకున్నాడు. భుజాలు కదిలాయి. సున్నం ముసలాయన రిజిస్టరు ఒళ్లో సర్దుకుని గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి దర్జీకి రోడ్డు సంగతి మొత్తం బుర్రకెక్కినట్టుంది. ముప్పయ్యా అని అడిగాడు. ముప్పై అన్నారు సూపరింటెండెంటు. దర్జీ సగం మూతితో నవ్వాడు. గాలి శబ్దం తప్ప నవ్వు రాలేదు.

"కొలత తప్పు తీసి... గుడ్డను తిట్టారు" అన్నాడు.

డ్రైవరు సెలవు తీసుకుందామని దగ్గరికి వెళ్లి వంగాడు. దర్జీ అతని మొహం చూడలేదు. చంక కింద చూశాడు. ఖాకీ చొక్కా కుట్టు అక్కడ బెత్తెడు విడిపోయి ఉంది. ఎడంచేత్తో దాన్ని పట్టుకుని లాగి చూసి, కొడుకును పిలిచాడు. వద్దులెండి, ఇంటి దగ్గర మా ఆవిడ వేస్తుంది అన్నాడు డ్రైవరు. దర్జీ వదల్లేదు. విప్పమని సైగ చేశాడు.

కొడుకు కళ్లు తుడుచుకుని లేచాడు. మిషను మీద గుడ్డ తీశాడు. దారం ఎక్కించబోతే రెండుసార్లు తప్పింది. ఖాకీ దారం కాదురా, దానికింద బిస్కెట్ రంగుది, అన్నాడు తండ్రి, ఒక్కో మాటా ఏరుకుంటూ. కుట్టు పాతది విప్పి వెయ్యి. పైపైన వెయ్యకు. కొడుకు తల వంచి పాత దారం ఒక్కో పోగూ తీయసాగాడు.

సున్నం చేతి గుర్తున్న చొక్కా మిషను కింద నడుస్తుంటే, డ్రైవరు బనీనుతో బల్ల మీద ఒక కొసన కూర్చున్నాడు. నడుమ సూపరింటెండెంటు, ఆ కొసన ముసలాయన. ఐదింటిలోగా పుస్తకం మేకుకు తగిలించాలి. వార్డులో రోగులున్నారు. అయినా ముగ్గురూ మిషను సూది వైపే చూస్తూ కూర్చున్నారు. ఎవరూ తొందరపెట్టలేదు.